సంక్రాంతి నోములకు, పేరంటాలకు తక్కువ ఖర్చులో పర్యావరణానికి హాని చేయని చిన్న కానుకలు: సలహాలు కావాలి

మల్లెతీగ (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. మా కోడలికి పెళ్లయిన తరువాత వస్తున్న మొదటి సంక్రాంతి ఇది. ఈసారి ఆమె నోముకుంటుంది, ఆ మరునాడు ఇంట్లో పేరంటం పెడుతున్నాము. తెలంగాణ నోముల సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను: ఒకే రకం వస్తువులు 13 తెచ్చి, గౌరమ్మ ముందు పసుపు కుంకుమలతో పెట్టి, ముత్తయిదువలకు పంచుతారు. ఫలానా వస్తువే కావాలన్న నిర్బంధం లేదు. ఆ వెసులుబాటు వల్లనే ఇప్పుడు బజారులో ప్లాస్టిక్ దువ్వెనలు, చిన్న అద్దాలు, డబ్బాలు, గాజుల స్టాండ్లు పదమూడేసి కట్టలు కట్టి నోముల సామాను అని అమ్ముతున్నారు. ఒక పండుగకు ఒక వాడలో పది ఇళ్లవారు నోముకుంటే, అందరి ఇళ్లకూ అవే వస్తువులు చేరుతున్నాయి. వాటిలో చాలా భాగం ఎవరూ వాడరు.

నాకు కావలసింది రెండు రకాల సలహా. మొదటిది, నోముకు 13 వస్తువులు. రెండవది, పేరంటానికి వచ్చే సుమారు 40 మందికి తాంబూలంతో పాటు ఇవ్వదగిన చిన్న వస్తువు. ఒక్కొక్కరికి 50 రూపాయలు దాటకూడదు. పిల్లలు కూడా వస్తారు కాబట్టి వారికి వేరుగా ఏదైనా ఉంటే సంతోషం. ప్లాస్టిక్ లేకపోవడం ఒక్కటే కాదు, తీసుకున్నవారికి అది నిజంగా పనికిరావాలని నా కోరిక.

నేలపట్టు (కర్నూలు)

విత్తన బంతులు ఇవ్వండి. మట్టి, పేడ, విత్తనం కలిపిన బంతికి ఐదు రూపాయలు కూడా పడదు. చూడముచ్చటగా ఉంటాయి, ప్రతి బంతీ ఒక చెట్టు అవుతుంది.

లెక్కల మాస్టారు (విజయవాడ)

నేలపట్టు గారి సద్భావాన్ని గౌరవిస్తూనే ఈ సూచనతో విభేదిస్తున్నాను. విత్తన బంతి మొలకెత్తడానికి వరుసగా కొన్ని వానలు పడాలి. మన రెండు రాష్ట్రాలలోనూ ఎక్కువ వాన నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురుస్తుంది. కోస్తాకు, రాయలసీమకు అక్టోబరు, నవంబరులలో ఈశాన్య రుతుపవనాలు కొంత ఇస్తాయి. జనవరి మధ్యలో బంతి చేతికిస్తే అది ఐదు నెలలు అల్మారాలో ఉండాలి. పుచ్చు పట్టకపోతే, మరిచిపోకపోతే, అప్పుడు ఎక్కడో విసరాలి. అదే బంతిని ఆషాఢంలో ఇస్తే అర్థముంది, సంక్రాంతికి ఇస్తే అది అలంకార వస్తువుగా మిగులుతుంది.

విత్తనాలే ఇవ్వాలనుకుంటే కూరగాయల విత్తనాలు ఇవ్వండి. సంక్రాంతి తరువాత వేసవి పంటగా బెండ, సొర, బీర, దోస, గోంగూర, తోటకూర వేసుకోవచ్చు. కుండీలో నీళ్లు పోసేది మనమే కాబట్టి వానతో నిమిత్తం లేదు. పొట్లంపైన విత్తనం పేరు, ఎంత లోతున నాటాలి, ఎండ ఎంత కావాలి అన్న మూడు వాక్యాలు చేత్తో రాసిస్తే చాలు. మేడ మీదో వరండాలోనో కుండీలు ఉన్నవారికే ఇవ్వండి, మిగిలినవారికి వేరే వస్తువు ఇవ్వండి. అందరికీ ఒకటే ఇవ్వాలన్న పట్టుదల వల్ల సగం కానుకలు వృథా అవుతాయని నా అభిప్రాయం.

మల్లెతీగ (హనుమకొండ)

మాస్టారి మాట సబబుగా ఉంది. నోముకు మాత్రం 13 ఒకే రకంగా ఉండాలి కాబట్టి విత్తనాలను పేరంటానికి ఉంచుకుంటాను.

చెరువుగట్టు (సిద్దిపేట)

మల్లెతీగ గారూ, నోముకు మీరు వెతుకుతున్నది మన ఆచారంలోనే ఉంది. మా అమ్మమ్మల కాలంలో మట్టి గురుగులు, అంటే చిన్న కుండలు, నోముకునేవారు. చిన్న చిన్న గురుగులలో నువ్వులు, బెల్లం, రేగుపళ్లు, చెరుకు ముక్కలు, పచ్చి శనగలు పోసి పంచేవారు. ఆ రోజుకు చేలో ఏది పండితే అదే కానుక, దాన్ని పోసే పాత్ర ఊరి కుమ్మరి చేసినది. తిన్నది కడుపులోకి పోయేది, గురుగు పిల్లల ఆటకు పోయేది, పగిలితే పెరట్లో కలిసేది. నేడు కూడా మా జిల్లాలో కొందరు మొదటి సంవత్సరం నోముకు గురుగులనే తెస్తారు. తరువాతి సంవత్సరాలకు వచ్చేసరికి బజారు వస్తువుల వైపు మళ్లుతారు.

మట్టి వస్తువు కొనేటప్పుడు ఒకటి గమనించండి. పైన మెరుపు రంగు వేసి, పూసలు, అద్దం ముక్కలు అంటించినవి ఇప్పుడు ఎక్కువగా వస్తున్నాయి. ఆ రంగు మట్టిలో కలవదు, ఆ గురుగులో తినే పదార్థం పోయడం కూడా మంచిది కాదు. కుమ్మరి ఆవంలో కాల్చి తీసిన ఎర్ర గురుగునే అడగండి. పసుపు రాసి కుంకుమ బొట్టు పెడితే దానికి అంతకన్నా అలంకారం అక్కరలేదు. డిసెంబరులోనే చెప్పి ఉంచితే కుమ్మరులు చేసి పెడతారు, భోగి ముందు రోజు వెళితే దొరకవు.

వరాహ తీరం (అనకాపల్లి జిల్లా)

పిల్లల కానుకల గురించి నేను చెప్పగలను, మాది ఏటికొప్పాకకు దగ్గరి ఊరు. ఏటికొప్పాక బొమ్మలను వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేస్తారు. ఆ కర్ర మెత్తగా, నున్నగా ఉంటుంది. తరిణె అనే చెక్కుడు యంత్రం మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదిమి పట్టుకుంటే రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. లక్క ఒక పురుగు స్రవించే పదార్థం, ఫ్యాక్టరీలో తయారయ్యే రెజిన్ కాదు. విత్తనాలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను ఆ లక్కలో కలిపే పద్ధతిని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా వీటిదే.

పెద్ద బొమ్మలు మీ ఖర్చుకు అందవు. బొంగరాలు, కుంకుమ భరిణెలు, చిన్న గిలకలు, విడి లక్కపిడతలు అందుబాటులో ఉంటాయి. లక్కపిడతల పెట్టె మొత్తం ఒక్కరికి ఇచ్చే బదులు, ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పాత్ర ఇచ్చి అందరూ కలిసి ఆడుకునేలా చేస్తే ఖర్చు తగ్గుతుంది, ఆట కూడా పెరుగుతుంది. పేరంటంలో పిల్లలు గొడవ చేయకుండా ఒకచోట కూర్చునేందుకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు కనబడలేదు.

అంకుడు కర్రకు కొన్నేళ్లుగా కరవు ఉంది. చుట్టుపక్కల కొండల మీద చెట్లు తగ్గిపోయాయి. నరికిన మొదలు మళ్లీ చిగురించే చెట్టు ఇది, కానీ చిగురు కర్ర కావడానికి వ్యవధి ఇవ్వాలి. అందుకని ఈ బొమ్మలను పారేసే వస్తువులుగా కొనవద్దని నా విన్నపం. ఇచ్చేటప్పుడు అది ఎక్కడ, ఏ కర్రతో తయారైందో పిల్లలకు చెప్పి ఇవ్వండి. తెలిసిన వస్తువును పిల్లలు దాచుకుంటారు.

పువ్వొత్తి (గుంటూరు)

వరాహ తీరం గారూ, ఒక సందేహం. బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలన్న నియమం వచ్చింది కదా, మరి ఈ కర్ర బొమ్మల మీద అది కనిపించదు. చంటిపిల్లల తల్లులు అడిగితే ఏమని చెప్పాలి?

వరాహ తీరం (అనకాపల్లి జిల్లా)

ఆ నియమం 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. నమోదైన హస్తకళాకారులు చేసిన బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి దాని నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి గుర్తు లేకపోవడం లోపం కాదు. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం నోట్లో పట్టేంత చిన్న ముక్కలు, పూసలు ఉన్న బొమ్మ ఏదీ ఇవ్వకండి. ఈ మాట కర్ర బొమ్మకైనా మరే బొమ్మకైనా వర్తిస్తుంది.

కొండపల్లి బొమ్మ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అది తెల్లపొణికి కర్ర, తేలికగా ఉంటుంది, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చాలా వాటికి ఇప్పుడు ఎనామెల్ రంగులు వేస్తున్నారు, అందుచేత అది కొలువులో పెట్టుకునే బొమ్మే తప్ప చంటిపిల్లలు నమిలే బొమ్మ కాదు. బొమ్మల కొలువు పెట్టే ఇంటికి ఇస్తే అది ఏటేటా మెట్టు మీదకు వస్తుంది.

చెరువుగట్టు (సిద్దిపేట)

మా చేర్యాల నకాషీ చిత్రకారులు చేసే చిన్న ముఖాల బొమ్మలను కూడా చేర్చండి. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దను పెట్టి ముఖం తీర్చి రంగులు వేస్తారు. పారేసే చిప్ప నుంచి తయారయ్యే వస్తువు కాబట్టి మీ ఉద్దేశానికి సరిగ్గా సరిపోతుంది. 50 రూపాయలలో వస్తుందని మాత్రం చెప్పలేను, కోడలి పుట్టింటివారికో ఆడపడుచుకో ప్రత్యేకంగా ఇవ్వాలనుకుంటే చూడండి.

లెక్కల మాస్టారు (విజయవాడ)

సంచుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. పేరంటాలలో తాంబూలం వేసి ఇచ్చే రంగురంగుల సంచులను చాలామంది గుడ్డ సంచులనుకుంటున్నారు. చేతికి గుడ్డలాగే తగులుతుంది, నేత మాత్రం ఉండదు. అది పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించిన నాన్‌వోవెన్ సంచి, అంటే ప్లాస్టిక్కే. వెలుతురుకు పట్టి చూడండి, నిలువు పడుగు, అడ్డ పేక కనబడకుండా చుక్కల చుక్కల అచ్చులు కనబడితే అది ఆ రకమే. అంచు దగ్గర ఒక చిన్న ముక్క కత్తిరించి, జాగ్రత్తగా, తలుపులు తెరిచిన చోట నిప్పు చూపితే నూలు అయితే కాగితంలా కాలి బూడిద అవుతుంది, ఇది కరిగి ముద్ద కడుతుంది. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా తక్కువ బరువున్న ఈ సంచులను 2021 సెప్టెంబరు 30 నుంచి దేశమంతటా నిషేధించారు, అయినా పెళ్లిళ్లలో పల్చనివి కనబడుతూనే ఉన్నాయి.

అయితే కొత్త నూలు సంచి కొని పంచితే అంతా బాగుపడుతుందని కూడా అనుకోవద్దు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాతావరణం మీద పడే భారం ఒక్కటే లెక్క వేసినా, సాధారణ నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితే తప్ప అది పల్చని ప్లాస్టిక్ సంచి కన్నా మేలు కాదు. నీరు, ఎరువు మొదలైనవన్నీ కలిపి చూస్తే ఆ సంఖ్య వేలలోకి పోతుంది. ఆ దేశపు చెత్త నిర్వహణ వేరు, మన వీధుల్లోనూ కాలువల్లోనూ ప్లాస్టిక్ చేసే హాని ఆ లెక్కలో లేదు. అయినా పత్తి పంటకు అయ్యే ఖర్చు నిజమైనదే. ఇంట్లో ఇప్పటికే 20 సంచులు మూలుగుతున్న మనిషికి 21వ సంచి ఇవ్వడం వల్ల ఆమె ఒక్క ప్లాస్టిక్ సంచిని కూడా మానుకోదు.

పువ్వొత్తి (గుంటూరు)

మాస్టారి లెక్కకు నా దగ్గర ఒక పరిష్కారం ఉంది. పాత నూలు చీరలతో సంచులు కుట్టించండి. పత్తి ఎప్పుడో పండింది, నేత ఎప్పుడో అయింది, ఇప్పుడు అయ్యేది కుట్టుకూలి, దారం మాత్రమే. ఒక చీరలో తాంబూలం పట్టే చిన్న సంచులు చాలా వస్తాయి. వీధి చివర దర్జీ దగ్గరకో, డ్వాక్రా సంఘంలో కుట్టుమిషను ఉన్నవారి దగ్గరకో తీసుకెళితే పండుగ ముందు వారికి పని దొరుకుతుంది. నోరు బిగించే తాడు పెట్టించండి. అలా చేస్తే తాంబూలం తీసిన తరువాత అది పప్పులు తెచ్చుకోవడానికి, ప్రయాణంలో సబ్బు, దువ్వెన వేసుకోవడానికి పనికి వస్తుంది.

ఇక అసలు కానుక. నేను ఏటా ఇచ్చేది వత్తులు. మంచి పత్తి తెచ్చి, గింజ తీసి, తీరిక సాయంత్రాలలో చేత్తో నూలిన నిలువు వత్తులు, పువ్వొత్తులు చేసి, ఒక్కొక్కరికి నెలకు సరిపడా కాగితపు పొట్లం కట్టి ఇస్తాను. దీపం పెట్టని ఇల్లు మన పేరంటాళ్లలో ఉండదు కాబట్టి ప్రతి వత్తీ వెలుగుతుంది, ఏదీ మిగలదు. ఖర్చు పత్తిది మాత్రమే. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెను అడగండి. వత్తులు చేయడం తెలిసిన చేతులు ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి, ఎవరైనా అడిగితే వారికి ఎంతో సంతోషం.

మల్లెతీగ (హనుమకొండ)

వత్తుల ఆలోచన నాకు చాలా నచ్చింది. మా అత్తగారికి 80 ఏళ్లు, ఈ పనిలో ఆమెను మించినవారు లేరు. మరి రవికె గుడ్డ మాటేమిటి? తాంబూలంలో అది లేకపోతే లోటుగా భావించే పెద్దవారున్నారు.

పువ్వొత్తి (గుంటూరు)

రవికె గుడ్డను మానమని నేను చెప్పను, అది మర్యాదకు సంబంధించినది. కానీ ఇప్పుడు మనం ఇచ్చిపుచ్చుకుంటున్న పాలియెస్టరు ముక్కలను ఎవరూ కుట్టించుకోవడం లేదు. ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి, ఆ ఇంటి నుంచి ఇంకొక ఇంటికి తిరుగుతున్నాయి. ఐదు పేరంటాలకు ఐదు పనికిరాని ముక్కలు ఇచ్చే బదులు, దగ్గరివారికి మాత్రం కుట్టించుకోదగిన మంగళగిరి నేత గుడ్డ ఇవ్వండి. మిగిలినవారికి చేనేత చేతి తువాలు ఇవ్వండి, అది వంటింట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. మగ్గం ఉన్న ఊరికి దగ్గరలో ఉన్నవారికి తానుల చివర మిగిలిన ముక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. మీకు వరంగల్ ప్రాంతంలోనూ నేతగాళ్లున్నారు కాబట్టి అడిగి చూడండి.

ప్రవాసి (డాలస్)

ఇక్కడి తెలుగు కుటుంబాల పరిస్థితి కొంత వేరు. మేము ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టెలనిండా పేరంటపు కానుకలు తెచ్చుకుంటాము. పైన చెప్పిన విత్తనాల పొట్లాలను మాత్రం అమెరికాకు తేవద్దు. విత్తనాలకు ముందస్తు అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విమానాశ్రయంలో ఆపేస్తారు. తాజా ఆకులు, పళ్ల విషయంలోనూ జాగ్రత్త. కర్ర బొమ్మలు తెచ్చేటప్పుడు అక్కడి అధికారులకు చెప్పి చూపించాలి, పురుగు పట్టిన గుర్తులు ఉండకూడదు.

ఇక్కడ నేను చేసే పని ఒకటుంది. ఏడాది పొడవునా ఖాళీ అయిన గాజు సీసాలను దాచి, శుభ్రం చేసి, ఇంట్లో కొట్టిన పప్పుల పొడినో కరివేపాకు పొడినో నింపి, మూతకు చిన్న గుడ్డ ముక్క కట్టి ఇస్తాను. ఖాళీ సీసా తిరిగి ఇవ్వమని చెబుతాను, చాలామంది మళ్లీ తెచ్చిస్తున్నారు.

నేలపట్టు (కర్నూలు)

నా మొదటి సూచన మీద మాస్టారు చెప్పినదాన్ని అంగీకరిస్తున్నాను. తినే వస్తువుల గురించి ఆలోచిస్తున్నాను. నువ్వుల ఉండలు, చిమ్మిలి ఎలాగూ సంక్రాంతికి చేసేవే, వాటినే కానుకగా ఇవ్వకూడదా? పెట్టెలో పెట్టి పైన పల్చని ప్లాస్టిక్ చుట్టకపోతే దుకాణంవాళ్లు ఒప్పుకోవడం లేదు, కాబట్టి ఇంట్లో చేసినవే మేలు.

లెక్కల మాస్టారు (విజయవాడ)

మిఠాయి పెట్టెల మీద చుట్టే ఆ పల్చని ప్లాస్టిక్ పొర 2022 జూలై 1 నుంచి నిషిద్ధ వస్తువుల పట్టికలో ఉంది. ఆహ్వాన పత్రికల మీద చుట్టేది కూడా అంతే. అదే పట్టికలో అలంకారానికి వాడే థర్మకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెమ్చాలు, స్ట్రాలు కూడా ఉన్నాయి. దుకాణంవారికి ఆ సంగతి చెప్పి, పొర లేకుండా ఇమ్మని అడిగే హక్కు మనకుంది.

ఇంట్లో చేసినవాటిని పాత వార్తాపత్రికలో మాత్రం చుట్టకండి. అచ్చు సిరాలోని రంగులు, రసాయనాలు నూనె పదార్థాలలోకి దిగుతాయి, ఆహార భద్రతా సంస్థ కూడా అలా చుట్టవద్దని హెచ్చరించింది. మోదుగాకు దొన్నెలో పెట్టి పైన మరొక ఆకు కప్పి పుల్లతో కుట్టించండి. మన్యం నుంచి వచ్చే అడ్డాకులైనా మంచివే, వాటిని ఏరి కుట్టి అమ్మే గిరిజన కుటుంబాలకు అది ఆదాయం. కంపోస్టు అవుతుందని ముద్రించిన ప్లాస్టిక్ సంచిని ఆశ్రయించకండి. అటువంటి ప్లాస్టిక్‌లలో చాలావాటికి దాదాపు 60 డిగ్రీల వేడి నిలిచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రం కావాలి. పెరటి గుంతలో వేస్తే ఏళ్లపాటు అలాగే పడి ఉంటుంది.

వరాహ తీరం (అనకాపల్లి జిల్లా)

బెల్లం అన్నారు కాబట్టి ఒక మాట. అనకాపల్లి బెల్లం కొనేటప్పుడు మరీ లేత పసుపు రంగులో మెరిసేదాన్ని ఎంచుకోకండి. ఆ రంగు రావడానికి హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైటును కలుపుతారు. ముదురు గోధుమ రంగు బెల్లం చూడటానికి అంత సొగసుగా ఉండదు, రుచికి అదే బాగుంటుంది. తెలిసిన రైతు దగ్గర గానుగాడే చోటే కొనగలిగితే ఇంకా మంచిది, జనవరి గానుగల కాలమే.

చెరువుగట్టు (సిద్దిపేట)

పసుపు గురించి నా సూచన. తాంబూలంలో ఇచ్చే చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాల పసుపు, కుంకుమ దాదాపు అన్నీ చెత్తబుట్టకే పోతున్నాయి. ఆ పొట్లం మళ్లీ దేనికీ పనికిరాదు, ఏరుకునేవారు కూడా దాన్ని తీసుకోరు. దానికి బదులు పసుపు కొమ్ములు గుప్పెడు ఇవ్వండి. నిజామాబాద్ వైపు పసుపు తవ్వకాలు జనవరి నుంచే మొదలవుతాయి, 2025 సంక్రాంతి నాడే అక్కడ జాతీయ పసుపు బోర్డును ప్రారంభించారు. కొమ్ము తొందరగా పాడు కాదు, పొడిని కల్తీ చేసినంత సులువుగా దాన్ని చేయలేరు, పూజకూ వంటకూ పనికి వస్తుంది.

కుంకుమ కూడా ఇంటి పద్ధతిలో చేసినదైతే మంచిది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. సున్నం, వెలిగారం, నిమ్మరసం, పటిక వంటివి తగు పాళ్లలో కలిపి నీడన ఆరబెట్టి కుంకుమ చేసేవారు. బజారులో చవకగా దొరికే కుంకుమలో చాలా భాగం కృత్రిమ రంగు కలిపిన పిండి, నుదుటి మీద మచ్చలు రావడానికి అదొక కారణం. పాళ్లు తెలిసినవారి దగ్గర కొనండి, మొదటిసారి చేస్తూ పంచవద్దు.

పువ్వొత్తి (గుంటూరు)

ఇదే వరుసలో కుంకుడుకాయలు, శీకాయ, ఎండబెట్టి పొడి చేసిన గోరింటాకు కూడా చేర్చండి. గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ మన్యంలో కుంకుడుకాయలు, తేనె, శీకాయ, చింతపండు మొదలైనవి గిరిజనుల నుంచి కొంటున్నది. ఆ డిపోలలో కొంటే డబ్బు కొండ మీదికి చేరుతుంది. తేనె మీ ఖర్చుకు కొంచెం ఎక్కువ, కుంకుడుకాయలు హాయిగా సరిపోతాయి. ఈ తరం పిల్లలకు కుంకుడు రసం తీయడం రాదు కాబట్టి ముందు రాత్రి గింజ తీసి నానబెట్టాలని ఒక చీటీ రాసి పెట్టండి.

ప్రవాసి (డాలస్)

స్టీలు గిన్నెల సంగతి చర్చకు రాలేదు. మా అమ్మ ఇచ్చే కానుక ఎప్పుడూ చిన్న స్టీలు గిన్నే. అది పర్యావరణానికి మంచిదా, చెడ్డదా?

లెక్కల మాస్టారు (విజయవాడ)

తయారీకి శక్తి ఎక్కువ పడుతుంది, గనుల నుంచి ఖనిజం తవ్వాలి. మరోవైపు అది 30 ఏళ్లు వాడుకలో ఉంటుంది, చివరకు పాత సామానువాడు తూకం వేసి కొంటాడు, మళ్లీ కరిగించి స్టీలే చేస్తారు. ప్లాస్టిక్ దువ్వెనకు ఆ రెండూ లేవు. కాబట్టి గిన్నె వాడుకలోకి వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. పేరంటాల కోసమే చేసే కాగితమంత పల్చని పళ్లేలు ఏ వంటకూ పనికిరావు. కాస్త మందమైన గిన్నెకు మీ అమ్మగారు ఎంత పెట్టారో అంత పెట్టగలిగితే తప్పకుండా ఇవ్వండి. 50 రూపాయలలో అది రాదు, అందుకే ఆ ధరలో వత్తులూ కుంకుడుకాయలూ దానికన్నా మేలని నేను గట్టిగా నమ్ముతాను.

నేలపట్టు (కర్నూలు)

భోగిపళ్ల పేరంటానికి వచ్చే పిల్లలకు బుడగలు, ప్లాస్టిక్ ఈలలు ఇచ్చే బదులు గవ్వలు, చింతపిక్కలు, గచ్చకాయలు ఒక చిన్న సంచిలో వేసి, ఆట ఎలా ఆడాలో నేర్పి పంపవచ్చు. గుడ్డ మీద అచ్చు వేసిన వైకుంఠపాళి పటం ఉంటే ఇంకా బాగుంటుంది. చింతపిక్కలకు ఖర్చే లేదు, చింతపండు పిసికినప్పుడల్లా పక్కన పెట్టుకుంటే పండుగనాటికి కావలసినన్ని పోగవుతాయి.

మల్లెతీగ (హనుమకొండ)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కోడలితోనూ అత్తగారితోనూ మాట్లాడాను. నోముకు 13 ఎర్రమట్టి గురుగులు, వాటిలో నువ్వుల ఉండలు, రేగుపళ్లు, చెరుకు ముక్కలు. పేరంటానికి పాత చీరల సంచిలో తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, అత్తగారి చేతి వత్తులు. కుండీలు ఉన్న 12 మందికి అదనంగా బెండ, తోటకూర విత్తనాలు. పిల్లలకు ఏటికొప్పాక బొంగరాలు. అత్తగారు రవికె గుడ్డ విషయంలో మెట్టు దిగలేదు, ఆమె మాట కాదనను. పెద్ద ముత్తయిదువలు ఐదుగురికి నేత గుడ్డ పెడుతున్నాము.

ఒక్క సందేహం మిగిలింది. కొత్త గురుగులో నువ్వుల ఉండలు పెడితే మట్టి వాసన పట్టదా? రేగుపళ్ల చెమ్మకు ఉండలు మెత్తబడవా?

పువ్వొత్తి (గుంటూరు)

రెండూ జరిగే అవకాశం ఉంది. గురుగులను నాలుగు రోజుల ముందు తెచ్చి, ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పీచుతో లోపల రుద్ది కడిగి, రెండు రోజులు బాగా ఎండలో ఉంచండి. అడుగున దుమ్ము రాలడం ఆగుతుంది. ఉండలకు పాకం గట్టిగా రానివ్వండి. నీళ్లలో వేస్తే ఉండ కట్టి, పళ్లేనికి కొడితే టంగుమనే పాకమైతే చెమ్మ తొందరగా పట్టదు. ఉండలు పూర్తిగా చల్లారిన తరువాతే గురుగులో పెట్టండి.

రేగుపళ్లనూ చెరుకు ముక్కలనూ ఉండలతో కలపకండి. గురుగు అడుగున రేగుపళ్లు, చెరుకు ముక్కలు వేసి, వాటి మీద ఎండిన మోదుగాకును గుండ్రంగా కత్తిరించి పరిచి, ఆ పైన ఉండలు పెట్టండి. మూతికి పాత చీర ముక్క కప్పి నూలు దారంతో కట్టండి. చెరుకును నోము రోజు ఉదయమే ముక్కలు కొట్టాలి, ముందు రోజు కొడితే పులుస్తుంది.

చెరువుగట్టు (సిద్దిపేట)

గురుగులు 13 అవసరమైతే 16 తెప్పించుకోండి. దారిలో ఒకటి రెండు పగులుతాయి. మిగిలినవాటిలో కుండీ మట్టి వేసి తోటకూర గింజలు చల్లితే కోడలి చేతి మొదటి కోత ఫిబ్రవరిలో వస్తుంది.